ఉజ్జాయింపు

ఫోర్త్ రైలు వంతెనకి ఎన్ని రివెట్లు కొట్టారు? ఫోను బోర్లా పెట్టేసి, అర నిమిషంలో ఒక అంకె చెప్పాలి. తెలియదు అనడానికి వీల్లేదు.

మా అన్నయ్య కూతురు గ్లాస్గోలో చదువుకుంటోంది. తనతో ఒకే ఇంట్లో ఉంటున్న ఇన్వర్నెస్ అమ్మాయి, అబర్దీన్‌లో చమురు కంపెనీలో పనిచేస్తున్న విజయనగరం కుర్రాడు, అతని ఆఫీసులోనే ఉన్న స్థానికుడైన ఒక పెద్దాయన, హైదరాబాదులో నేను. ఆదివారం వాళ్ళకి మధ్యాహ్నం, నాకు రాత్రి భోజనాల వేళ. ఆన్‌లైన్‌లో కలిసి ఆడుకునే ఆట ఇది. ప్రశ్నలన్నీ స్కాట్లాండ్ గురించే. జవాబులు చాలావరకు అంకెలు, అప్పుడప్పుడూ ఒక ఊరి పేరో సరస్సు పేరో. ఎవరి జవాబు వాళ్ళు టైపు చేస్తారు. గడువు అయ్యేదాకా ఎవరిది ఎవరికీ కనబడదు. అయ్యాక అన్నీ ఒక్కసారే తెర మీద పడతాయి. అసలు జవాబుకి దగ్గరగా వచ్చినవాళ్ళకి మార్కులు. "బాబాయ్, గూగుల్ చూడకు" అని మా అమ్మాయి నన్నొక్కడినే ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. మిగతావాళ్ళ మీద లేని అనుమానం నా మీద ఎందుకో తెలియదు.

స్కాట్లాండ్ మొహం చూడనివాడికి ఈ ఆటలో ఏం పని అనిపించవచ్చు. కానీ తెలియని విషయాన్ని మనసు ఎలా అంచనా వేస్తుందన్నది మనస్తత్వ శాస్త్రంలో పెద్ద ప్రశ్న. దాన్ని పరిశోధించేవాళ్ళు వాడే సామగ్రి కూడా సరిగ్గా ఇలాంటి క్విజ్ ప్రశ్నలే. 1980లో నెల్సన్, నారెన్స్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు 300 సాధారణ జ్ఞాన ప్రశ్నలు పోగుచేసి, ఏ ప్రశ్నకి నూటికి ఎందరు సరిగ్గా చెబుతారో లెక్కకట్టి ప్రచురించారు. ఆ తర్వాత ఎన్నో ప్రయోగాలు ఆ జాబితా మీద నడిచాయి. కాబట్టి మా ఆదివారం కాలక్షేపానికి కాస్త శాస్త్ర గౌరవం ఆపాదించుకోవచ్చు.

ఇక రివెట్లు. ఎడిన్‌బరోకి పడమరగా, ఫోర్త్ నది సముద్రంలోకి విప్పారే చోట, 1890లో ప్రారంభమైన వంతెన అది. పొడవు రెండున్నర కిలోమీటర్లకి కొంచెం తక్కువ, పట్టిన ఉక్కు సుమారు 53 వేల టన్నులు. నాకు తెలిసింది ఇంతే. ఇక్కణ్ణించి ఎలా ముందుకెళ్ళాలి?

ముందు రెండు కొసలు పట్టుకోవాలి. లక్ష రివెట్లే అనుకుంటే టన్ను ఉక్కుకి రెండు పడతాయి. అంత తక్కువతో ఆ వంతెన నిలబడదు. పది కోట్లనుకుంటే టన్నుకి దాదాపు 1,900. అన్ని కన్నాలు పొడిచాక ఉక్కు ఏం మిగులుతుంది? కాబట్టి జవాబు లక్షకీ పది కోట్లకీ నడుమ ఎక్కడో ఉంది. నడుమ అంటే ఎక్కడ? రెండూ కూడి సగం చేస్తే ఐదు కోట్ల పైచిలుకు. అది పై కొసలో సగం, కింది కొసకి 500 రెట్లు. దాన్ని నడుమ అనలేం. రెంటినీ హెచ్చవేసి వర్గమూలం తీస్తే సుమారు 32 లక్షలు వస్తుంది. కింది కొస కంటే 32 రెట్లు ఎక్కువ, పై కొస కంటే 32 రెట్లు తక్కువ. ఇది నిజమైన నడుమ. నేను 30 లక్షలని కొట్టాను. లెక్కల్లో ఉన్న సంఖ్య 65 లక్షలు.

సగానికి కాస్త తక్కువే చెప్పానన్నమాట. అయినా ఆ రౌండులో మార్కులు నాకే వచ్చాయి. వెయ్యి రెట్ల మేర తేలని సంగతి, రెండు ముక్కల సమాచారంతో, రెండు రెట్ల దాకా దిగివచ్చింది. భౌతిక శాస్త్రంలో ఈ విద్యకి ఎన్రికో ఫెర్మి పేరు పెట్టుకున్నారు. 1945 జులైలో న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబు పేలినప్పుడు ఆయన కాగితం ముక్కలు గాలిలో వదిలి, పేలుడు తాకిడికి అవి ఎంత దూరం జరిగాయో చూసి, పది వేల టన్నుల టీఎన్‌టీకి సమానమని అక్కడికక్కడే చెప్పాడు. తర్వాత తేలిన సంఖ్య దానికి రెండింతలు దాటింది. రెండు రెట్ల తప్పుకి సిగ్గుపడనక్కర్లేదని నేను ధైర్యం చెప్పుకునేది ఆయన్ని చూసే.

హెచ్చవేతలో దొరికే నడుమే ఎందుకు బాగా పనిచేస్తుంది? మన ఇంద్రియాలు తేడాల్ని రెట్లలో పట్టుకుంటాయని పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో ఎర్నెస్ట్ వెబర్ బరువులు మోయించి చూపించాడు. చేతిలో వంద గ్రాములున్నప్పుడు ఇంకో పది గ్రాములు పెడితే తెలుస్తుంది. రెండు కిలోలున్నప్పుడు అదే పది గ్రాములు పెడితే తెలియదు. సంఖ్యల విషయంలోనూ మనసు దాదాపు ఇంతే. అందుకే మా ఆటలో మార్కులు కూడా తేడాని బట్టి కాకుండా ఎన్ని రెట్లు తప్పామన్నదాన్ని బట్టి ఇచ్చుకుంటాం. లేకపోతే పెద్ద సంఖ్యల ప్రశ్నలు వచ్చినప్పుడల్లా తక్కువ చెప్పినవాడు బతికిపోతాడు, ఎక్కువ చెప్పినవాడు మునిగిపోతాడు.

ఏమీ తెలియకపోవడం కూడా ఒక్కోసారి కలిసివస్తుంది. "డండీ, పెయిస్లీ: జనాభా ఏ ఊళ్ళో ఎక్కువ?" అని ఒక ప్రశ్న వచ్చింది. నేను వెంటనే డండీ అన్నాను. కారణం చిన్నది. డండీ పేరు విన్నాను, పెయిస్లీ పేరు వినలేదు. నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లుల కబుర్లు వింటూ పెరిగిన ఉత్తరాంధ్ర వాళ్ళకి, ఒకప్పుడు ప్రపంచ జనపనార వ్యాపారానికి డండీ పట్టుకొమ్మ అన్న సంగతి ఎక్కడో చెవిన పడే ఉంటుంది. జవాబు డండీయే, దాదాపు రెండింతలు పెద్దది. విజయనగరం కుర్రాడు మాత్రం రెండు ఊళ్ళూ తిరిగినవాడు కావడంతో గడువు ముగిసేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

గెర్డ్ గిగరెంజర్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు ఈ వింతని ప్రయోగంలోనే చూశారు. శాండియాగో పెద్దదా, శాన్ ఆంటోనియో పెద్దదా అని అడిగితే అమెరికన్ విద్యార్థుల్లో మూడింట రెండు వంతుల మందే సరిగ్గా చెప్పారు. అదే ప్రశ్నకి జర్మన్ విద్యార్థులు అందరూ సరిగ్గా చెప్పారు. వాళ్ళలో చాలామంది శాన్ ఆంటోనియో పేరే విని ఉండలేదు. పెద్ద ఊళ్ళ పేర్లు దూరం వ్యాపిస్తాయి కాబట్టి, పేరు వినడం అన్నదే ఒక ఆధారమైపోతుంది. రెండూ విన్నవాడికి ఆ ఆధారం పోతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పెయిస్లీ పేరు వినకపోయినా, ఆ ఊరి సరుకు మన ఇళ్ళలో ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో కశ్మీరు శాలువాల మామిడి పిందె నమూనాని మగ్గాల మీద దించి యూరప్ అంతటా అమ్మింది ఆ ఊరే. మన పట్టుచీర అంచు మీది పిందెల్ని ఇంగ్లీషు వాళ్ళు ఈనాటికీ ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. ఇది ఆరోజు నాకు గుర్తొచ్చి ఉంటే నా తేలికైన గెలుపు చేజారేదేమో.

విడివిడిగా రాయడం అనే నియమం ఎంత విలువైనదో ఒకరోజు అనుకోకుండా తెలిసింది. ప్రశ్న: నెస్ సరస్సు లోతెంత? విజయనగరం కుర్రాడు మైకు ఆపడం మరిచిపోయి, "వెయ్యి మీటర్లు ఉంటుందిలే" అని గొణుక్కున్నాడు. అతనికి ఆ విషయం తెలియదని అందరికీ తెలుసు. అయినా తెర మీదికి వచ్చిన అంకెలు 900, 700, 600. ఇన్వర్నెస్ అమ్మాయిది ఆ సరస్సు పక్క ఊరే కనుక ఆమె మాత్రం కదలకుండా 230 రాసింది. సరైన జవాబు అదే.

తెలియనివాడి నోటి నుంచి వచ్చిందని తెలిసి కూడా ఆ అంకె మమ్మల్ని పట్టి లాగింది. ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1974లో ప్రచురించిన ప్రయోగం ఇంకా మొండిది. పది దగ్గరో అరవై ఐదు దగ్గరో మాత్రమే ఆగేలా బిగించిన చక్రాన్ని ప్రయోగంలో పాల్గొన్నవాళ్ళ ఎదుటే తిప్పారు. తర్వాత, ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాలు నూటికి ఎన్ని అని అడిగారు. పది చూసినవాళ్ళ జవాబుల్లో మధ్యది 25, అరవై ఐదు చూసినవాళ్ళది 45. చక్రానికీ ఆఫ్రికాకీ సంబంధం లేదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. బేరాలాడేచోట మొదటి ధర ఎవరు చెప్పాలన్న తగువుకి మూలం ఇదే. చీరల కొట్టులో ముందు ఖరీదైన చీర విప్పి పరిచేవాడు ట్వెర్‌స్కీని చదవలేదు. చదవనక్కర్లేదు కూడా.

గుంపు తెలివి గురించి చెప్పుకునేటప్పుడు అందరూ ఫ్రాన్సిస్ గాల్టన్ కథతో మొదలుపెడతారు. 1907లో ఆయన ప్రచురించిన లెక్క అది. ప్లిమత్ పశు ప్రదర్శనలో ఒక ఎద్దుని కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో ఊహించే పందెం పెట్టారు. చదవడానికి వీలైన 787 చీట్లని వరసలో పేరిస్తే సరిగ్గా నడుమ ఉన్నది 1,207 పౌన్లు. అసలు తూకం 1,198. ఈ కథ చెప్పేవాళ్ళు తరచుగా వదిలేసే సంగతి ఒకటుంది. ఆ చీట్లు రాసినవాళ్ళు ఒకరి చీటీ ఒకరు చూడలేదు. ఎక్కువ చెప్పేవాడి తప్పూ తక్కువ చెప్పేవాడి తప్పూ కొట్టుకుపోవాలంటే ఆ తప్పులు ఒకదానికొకటి సంబంధం లేనివై ఉండాలి. మా మైకు పొరపాటుతో పోయింది ఆ సంబంధం లేనితనమే. 1,000, 900, 700, 600 అన్నప్పుడు చూడటానికి నలుగురు చెప్పినట్టుంది. చెప్పింది ఒక్కడే.

2011లో యాన్ లోరెంజ్ బృందం జ్యూరిక్‌లో 144 మంది విద్యార్థుల మీద దీన్ని పద్ధతిగా పరీక్షించింది. వాళ్ళు అడిగినవి కూడా స్విట్జర్లాండ్ గురించిన అంకెల ప్రశ్నలే: జనసాంద్రత, ఇటలీతో సరిహద్దు పొడవు, అలాంటివి. ఇతరుల అంచనాలు చూపించి మళ్ళీ మళ్ళీ రాయనిచ్చినప్పుడు అంకెలన్నీ దగ్గరకి జరిగాయి. గుంపు తప్పు మాత్రం అంతగా తగ్గలేదు. తమ జవాబు మీద నమ్మకం ఒక్కటి బాగా పెరిగింది. కమిటీలలో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్ళకి ఇది కొత్త వార్త కాదు.

విడివిడిగా రాసినా గుంపు గట్టెక్కని ప్రశ్నలు ఉంటాయి. స్కాట్లాండ్‌లో అన్నిటికంటే లోతైన సరస్సు ఏది? నలుగురం 'నెస్' అని రాశాం. స్థానికుడైన పెద్దాయన ఒక్కడే 'మోరర్' అని రాశాడు. రాసి, జవాబులు తెర మీదికి రాకముందే, "మీరంతా ఏం రాశారో నాకు తెలుసు" అని నవ్వాడు. నెస్ లోతు 230 మీటర్లు, మోరర్ లోతు 310. రాక్షసి ఉందన్న పుకారు వల్ల నెస్‌కి దక్కిన కీర్తి మా నలుగురినీ ఒకే పక్కకి తోసింది. నీటి పరిమాణంలో నెస్ నిజంగానే మొదటిది. ఇంగ్లండు, వేల్సు సరస్సులన్నిటి నీళ్ళూ కలిపినా దానికి సరితూగవు. పై వైశాల్యంలో లోమండ్ మొదటిది. లోతులో మాత్రం, పశ్చిమ తీరాన పెద్దగా ఎవరూ తలవని మోరర్. పేరు విన్నదే పెద్దదని నాకు డండీ విషయంలో పనికొచ్చిన సూత్రం ఇక్కడ ముంచింది. నలుగురి బదులు నాలుగు వేల మందిని అడిగినా జవాబు నెస్ అనే వచ్చేది. చెల్లాచెదురు తప్పుల్ని సగటు తుడిచేస్తుంది, అందరూ కలిసి ఒక పక్కకి ఒరిగిన తప్పుని తుడవలేదు.

అలాంటి చోట ఆ పెద్దాయన నవ్వులోనే ఒక దారి ఉంది. 2017లో డ్రాజెన్ ప్రెలెక్, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో దాన్ని సూత్రంగా పెట్టారు. ప్రతి ఒక్కరినీ రెండు ప్రశ్నలడగాలి: నీ జవాబేమిటి? మిగతావాళ్ళు ఏమంటారని నీ అంచనా? స్కాట్లాండ్ రాజధాని గ్లాస్గోనా అని అడిగామనుకుందాం. పెద్ద నగరం కదా అని అవుననేవాడు, అందరూ అవుననే అంటారనుకుంటాడు. ఎడిన్‌బరో అని తెలిసినవాడికి తన జవాబే కాకుండా, ఇతరులు ఎక్కడ పడతారో కూడా తెలుసు. అందుకని 'కాదు' అనేవాళ్ళ సంఖ్య, అందరూ ఊహించినదానికంటే ఎక్కువ తేలుతుంది. ఓట్లలో ఓడినా, అంచనాని మించిన జవాబునే తీసుకోవాలి. తెలిసినవాడు మైనారిటీలో ఉన్నా లెక్క అతన్ని పట్టేస్తుంది.

మోరర్ లోతు 310 అన్న అంకె వెనక ఒక కుటుంబం ఉంది. 1897 నుంచి 1909 దాకా సర్ జాన్ మరీ నాయకత్వంలో స్కాట్లాండ్ సరస్సుల లోతులు కొలిచారు. మొత్తం 562 సరస్సులు. చిన్న పడవల్లో కూర్చుని, సన్నటి తీగకి బరువు కట్టి, చక్రం తిప్పుతూ కిందికి వదిలి, నేల తగలగానే ఎన్ని అడుగులు దిగిందో చదువుకుని, మళ్ళీ పైకి చుట్టుకుని, కొన్ని తెడ్లు వేసి ముందుకు జరిగి మళ్ళీ వదలడం. ఆ తీగ యంత్రాన్ని రూపొందించింది ఫ్రెడరిక్ పుల్లర్ అనే యువకుడు. 1901 ఫిబ్రవరిలో గడ్డకట్టిన ఒక సరస్సు మీద మంచు విరిగి స్కేటింగ్ చేసేవాళ్ళు నీళ్ళలో పడిపోతే, కాపాడటానికి దూకి అతను చనిపోయాడు. కొడుకు మొదలుపెట్టిన పని ఆగకూడదని తండ్రి లారెన్స్ పుల్లర్ డబ్బు పెట్టి సర్వేని చివరిదాకా నడిపించాడు.

మోరర్‌ని ఇక మేం జన్మలో మరిచిపోం. దీనికీ ఒక పరిశోధన ఉంది. గట్టి నమ్మకంతో చెప్పిన తప్పుని సరిదిద్దితే, అనుమానంగా చెప్పిన తప్పు కంటే బాగా మనసులో నిలుస్తుందని 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ చూపించారు. మామూలుగా ఎవరైనా దీనికి తలకిందులుగా ఊహిస్తారు. నమ్మకం గట్టిదైతే తప్పు వదలదనుకుంటాం. క్విజ్ ప్రశ్నల దగ్గర మాత్రం ఉలికిపాటు పనిచేస్తుంది. అంతేకాదు, తప్పో ఒప్పో ముందు ఒక జవాబు ఊహించడమే చదువుకి సాయం. 2009లో కార్నెల్, హేస్, బ్యోర్క్ చేసిన ప్రయోగంలో కొందరికి 'తిమింగలం' అన్న మాట ఇచ్చి జతమాట ఊహించమన్నారు, తర్వాత 'క్షీరదం' అని చెప్పారు. ఇంకొందరికి రెండు మాటలూ మొదటినుంచీ పక్కపక్కన చూపించారు. చదువుకునే సమయం రెండోవాళ్ళకే ఎక్కువ. ఎక్కువ గుర్తుంచుకున్నది మొదటివాళ్ళు. "గూగుల్ చూడకు" అన్న మా అమ్మాయి ఆజ్ఞకి ఇంత శాస్త్రం ఉందని ఆమెకి చెప్పలేదు, చెబితే ఇంకా బిగిస్తుంది.

ఒక ఆదివారం మా అమ్మాయి ఆట మార్చింది. ఒక అంకె బదులు రెండంకెలు: కింది హద్దు, పై హద్దు. జవాబు ఆ రెంటి నడుమ ఉందని నూటికి తొంభై పాళ్ళు నమ్మకం ఉండాలి. అంటే పది ప్రశ్నల్లో ఒకటి బయటపడితే సరే, అంతకు మించితే మన అజ్ఞానం ఎంతో మనకి తెలియదన్నమాట. 3,000 అడుగులు, అంటే 914.4 మీటర్లు దాటిన పర్వతాలు స్కాట్లాండ్‌లో ఎన్ని? నేను 20 నుంచి 80 అన్నాను. జవాబు 282. నా మిగతా హద్దులు కూడా సగానికి సగం బద్దలయ్యాయి. హార్వర్డ్‌లో ఆల్పర్ట్, రైఫా 1960ల చివర్లో మేనేజ్‌మెంట్ విద్యార్థులతో ఇదే ఆడించారు. వాళ్ళడిగింది నూటికి 98 పాళ్ళ నమ్మకం. నూటికి రెండుసార్లు బయటపడాల్సిన జవాబు నలభైసార్లకి పైగా బయటపడింది. ఫలితం చూపించి, హద్దులు వెడల్పు చేయమని చెప్పాక తగ్గింది. అప్పటికీ రెండు దరిదాపులకి రాలేదు. మనకి తెలియదని తెలుసు గానీ, ఎంత తెలియదో తెలియదు.

నాకు తోడు దొరికింది చరిత్రలో. 1891కి ముందు స్కాట్లాండ్‌లోనే చాలామంది అలాంటి శిఖరాలు ముప్పై దాకా ఉంటాయనుకునేవారు. ఆ ఏడాది సర్ హ్యూ మన్రో అనే పర్వతారోహకుడు పట్టిక వేసి 283 అని తేల్చాడు. అప్పట్నుంచి వాటికి మన్రోలని పేరు. జాబితా రాసిన ఆయన మాత్రం అన్నీ ఎక్కకుండానే పోయాడు. తర్వాత కొలతలు మెరుగయ్యేకొద్దీ కొన్ని శిఖరాలు జాబితాలో చేరాయి, కొన్ని జారిపోయాయి. 2012లో వాయవ్య హైలాండ్స్‌లో ఒక కొండని (గేలిక్ పేరు, నాకు నోరు తిరగదు) మంచి జీపీఎస్‌తో కొలిస్తే 913.96 మీటర్లు తేలింది. 44 సెంటీమీటర్లు తక్కువైనందుకు అది మన్రో కాకుండా పోయింది, అప్పటి సంఖ్య 283 కాస్తా 282 అయింది. 2016లో బెన్ నెవిస్ ఎత్తు 1,344 నుంచి 1,345 మీటర్లయింది. కొండ పెరగలేదు. కొత్త కొలతలో 1,344 మీద అర మీటరు గీతని కొన్ని సెంటీమీటర్ల తేడాతో దాటింది, అంతే. పాత పుస్తకం చదివినవాడు మా ఆటలో ఒక మీటరు తప్పుతాడు.

ఇక్కడ మా పెద్దాయన ఒక చిక్కు ప్రశ్న విసిరాడు: స్కాట్లాండ్ సముద్ర తీరం పొడవెంత? నేను 4,000 కిలోమీటర్లన్నాను. మా అమ్మాయి 9,000 అంది. జవాబుగా ఆయన మూడంకెలు పెట్టాడు. ప్రధాన భూభాగం వరకే చూస్తే 9,900 అని ఒక లెక్క. దీవులు కలిపితే 16,500 అని ఒక లెక్క, 18,000 దాటుతుందని ఇంకొకటి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మరి మార్కులు ఎవరికి?

ఈ చిక్కుని మొదట గట్టిగా పట్టుకున్నవాడు పెయిస్లీలోనే ఉండేవాడు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్, అక్కడి టెక్నికల్ కాలేజీకి 1929 నుంచి 1940 దాకా ప్రిన్సిపాల్. అంచనా వేయడం ఆయన జీవితాంతం పట్టిన పిచ్చి. దక్షిణ స్కాట్లాండ్‌లో ఎస్క్‌డేల్‌ముయిర్ అనే మారుమూల పరిశోధనశాలలో పనిచేసిన రోజుల నుంచే, వాతావరణాన్ని సమీకరణాలతో ముందుగా లెక్కకట్టే ప్రయత్నం చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనని ఫ్రాన్సులో అంబులెన్సు నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడు చేత్తో లెక్కలు వేశాడు. 1910 మే 20న ఆరు గంటల్లో వాయుపీడనం 145 మిల్లీబార్లు మారాలని తేలింది. నిజానికి ఆరోజు అది దాదాపు కదలనే లేదు. ఆ భయంకరమైన తప్పుని 1922లో తన పుస్తకంలో తానే అచ్చు వేశాడు. పద్ధతి సరైనదేనని, మొదట పెట్టిన కొలతల్లోని గరుకుదనమే కొంపముంచిందని తర్వాతివాళ్ళు తేల్చారు. ఇవాళ మన తుపాను హెచ్చరికలు వచ్చేది ఆయన దారిలోనే.

యుద్ధాన్ని అసహ్యించుకున్న ఆ మనిషి, దేశాల మధ్య సరిహద్దు పొడవుకీ యుద్ధాల సంఖ్యకీ సంబంధం ఉందా అని వెతకబోయి, పొడవుల దగ్గరే ఆగిపోయాడు. స్పెయిన్, పోర్చుగల్ ఉమ్మడి సరిహద్దు ఒక పుస్తకంలో 987 కిలోమీటర్లు, ఇంకో పుస్తకంలో 1,214. గీత ఒకటే, పొడవులు రెండు. డివైడరు తీసుకుని పటాల మీద నడిపించి చూశాడు. కాళ్ళ మధ్య ఎడం పెద్దగా పెడితే చిన్న ఒంపులన్నీ దాటేస్తాం, పొడవు తగ్గుతుంది. ఎడం తగ్గిస్తే ఒంపుల్లోకి దిగాలి, పొడవు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది తీరం ఎంత చీలికలై ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. ఎడం పదో వంతు చేస్తే, బ్రిటన్ పడమటి తీరం 1.78 రెట్లయ్యే లెక్క. నునుపుగా సాగే దక్షిణాఫ్రికా తీరం అయితే నూటికి ఐదు పాళ్ళే పెరుగుతుంది. 1953లో ఆయన చనిపోయాక 1961లో ఇది అచ్చయింది, 1967లో బెన్వా మాండెల్‌బ్రాట్ దీన్ని తీసుకుని బ్రిటన్ తీరం పొడవెంత అన్న వ్యాసం రాసేదాకా పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఫ్రాక్టల్ జ్యామితి అక్కణ్ణించే నడక నేర్చుకుంది.

మా ఆటలో ఆ రౌండు రద్దు చేశాం, మా అమ్మాయి గొడవపెట్టినా సరే.

ఈ చిక్కు మనకీ ఉంది. ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని మా తరం బడిలో బట్టీ పట్టింది. భారతదేశానికి 7,516.6. అవి 1970ల నాటి కొలతలు, ఒక సెంటీమీటరులో 45 కిలోమీటర్లు ఇమిడే పటాల మీద వేసినవి. ఈమధ్య సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్ల పటాల మీద మళ్ళీ కొలిచి, దేశం మొత్తానికి 11,098.81 అని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. చీలికలూ ఉప్పుకయ్యలూ నిండిన గుజరాత్ 1,214.7 నుంచి 2,340.62కి, అంటే దాదాపు రెండింతలకి పోయింది. మన ఆంధ్ర తీరం 973.7 నుంచి 1,053.07కి, నూటికి ఎనిమిది పాళ్ళే పెరిగింది. నేల ఒక్క అంగుళం కలవలేదు. రిచర్డ్‌సన్ బతికుంటే ఈ రెండు రాష్ట్రాల పేర్లూ తన పట్టికలో బ్రిటన్ పడమటి తీరం పక్కన ఒకటి, దక్షిణాఫ్రికా పక్కన ఒకటి రాసుకునేవాడు. గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్నవాళ్ళు మాత్రం ఇప్పుడు రెండంకెలూ గుర్తుపెట్టుకుని, ప్రశ్నపత్రం తయారుచేసినవాడు ఏ ఏటి పుస్తకం ముందు పెట్టుకున్నాడో ఊహించాలి.